మాట తెలిసియు పలుకలేని బిడ్డలు

(వార్షిక మహాసభ రెండవనాటి ఉదయమున చేసిన యుపన్యాసము)



విద్యార్థి వసతిగృహములనుగూర్చియు, వివాహవ్యయముల తగ్గింపునుగూర్చియు పెద్దలు నిన్నటినుండి ఈ వేదికపై ప్రసంగించుచున్నారు. ఆహ్వానసంఘమువారు నాకొసగిన విషయము వానిముందు చిన్నదిగా కనబడవచ్చును. మన యిండ్లలో నక్కడక్కడ మాటలు రాని బిడ్డలు కలరు. వారిలో నొకవిధమువారినిగూర్చి మాత్రమే నేనిప్పుడు మనవిచేసెదను. నేను వైద్యుడను కాను. ముప్పదియేండ్లు బడిపంతులుగా పనిచేసినవాడను. గ్రంథములవలన తెలిసికొన్నదియు, వైద్యులు చెప్పగా విన్నదియు, నా యింట కన్నులార చూచినదియు మీకు విన్నవించుటకే నాకధికారము.

ముందుగా నా తప్పొకటి యొప్పుకొనవలయును. నేను పనిచేసిన పాఠశాలలో మూడవ తరగతియందొక బాలుడుండెను. పలకపై వ్రాయుమనిన తన పేరును తప్పులేకుండ వ్రాయువాడు. నోటితో చెప్పుమనిన ఒకమారొక విధముగను, మరియొకమారు మరియొక విధముగను చెప్పువాడు. మొదటి యక్షరము దొరకక, చీకటిలో తలుపుగడియకై తడవుకొనువానివలె పెదవులను, నాలుకను కదల్చుచుండువాడు. తోడిపిల్లలు నవ్వుదురు. నేను దానిని కొంటెతనమనుకొంటిని. "నిన్న సరిగా చెప్పినవాడవు, నేడేల చెప్పవు?" అని గద్దించి బల్లపై నిలువబెట్టితిని. కొన్ని దినములకు వాడు బడి మానెను. వాని తండ్రి వచ్చి, "అయ్యవారూ, వీనికి నోరు తిరుగదు, పొలమునకు తీసికొనిపోయెదను" అని చెప్పగా నేనడ్డు చెప్పనైతిని. నిన్న చెప్పగలిగినది నేడు చెప్పలేకపోవుటయే ఆ లోపమునకు ముఖ్యమైన గుర్తని నాకప్పుడు తెలియదు. తెలియకపోవుటకు ఫలము ననుభవించినవాడు వాడు, నేను కాను.

ఈ లోపమెట్టిది?

మాట యనునది మనస్సులో పుట్టి నోటినుండి వెలువడునని మనమందరమెరుగుదుము. ఆ రెంటికి నడుమ నొక పని జరుగుచున్నదని సామాన్యముగా నెరుగము. 'మామిడి' యను మాటను తీసికొనుడు. పెదవులు మూయవలయును, ఊపిరి ముక్కుగుండ పోవలయును, వెంటనే నోరు తెరచి దీర్ఘమును పలుకవలయును, మరల పెదవులు మూసి, విప్పునప్పటికే నాలుక ముందునకు సాగి యికారమునకు సిద్ధముగా నుండవలయును, పిమ్మట నాలుకకొన పైకి మడిగి యంగిలిని తాకవలయును. కంఠమందలి నాదతంతువులు ఇంతసేపును మ్రోగుచుండవలయును. రెప్పపాటున జరిగిపోవు నీ కార్యమంతటికిని ముందుగా మెదడునందొక ప్రణాళిక యేర్పడును. మనకది యభ్యాసముచేత సిద్ధించియున్నది గనుక దాని యునికియే తోచదు.

కొందరు బిడ్డలయందు ఆ ప్రణాళిక సరిగా నేర్పడదు. చెవి బాగుగానే యుండును. నాలుకకు బలము లేకపోలేదు. మామిడిపండన నేమో బిడ్డకు తెలియును. అడిగిన చూపించును, తెమ్మనిన తెచ్చును. కాని ఆ మాటకు నోరు నడువవలసిన త్రోవ వానికి కుదురదు. దీనిని 'చైల్డ్‌హుడ్ అప్రాక్సియా ఆఫ్ స్పీచ్' అని వైద్యులు వ్యవహరింతురు. మన సౌకర్యమునకై దీనిని 'వాక్చలన వైకల్యము' అందము.

అప్రాక్సియా యనునది గ్రీకుపదము; పని చేయలేకపోవుటయని దాని భావము. అవయవములలో బలముండియు, సంకల్పించిన పనిని చేయలేకపోవు స్థితిని 1900వ సంవత్సరమున హ్యూగో లీప్‌మన్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. మెదడుకు దెబ్బతగిలిన పెద్దవారి మాటయందును ఇట్టి స్థితి గలదని 1960 తరువాత అమెరికాలోని మేయో వైద్యాలయమున ఫ్రెడరిక్ డార్లీ నిరూపించెను. పుట్టుకనుండియే యిట్టి యిబ్బంది గల బిడ్డలనుగూర్చి ఇంగ్లండులో మ్యూరియల్ మోర్లీ యను విదుషి 1957లో ప్రకటించిన తన గ్రంథమున వ్రాసెను. పేర్లు పలువిధములుగా నుండగా 2007లో అమెరికాలోని వాక్ శ్రవణ వైద్యుల సంఘము (ఆషా) ఇప్పటి పేరును స్థిరపరచి, దాని లక్షణములను నిర్ణయించెను. వేయిమంది బిడ్డలలో ఒకరికో యిద్దరికో యీ లోపముండునని యంచనా.

ఎట్లు పోల్చుకొనవలయును?

మాట యాలస్యమైన ప్రతి బిడ్డకును ఇదే కారణమని తలపరాదు. చెవుడు గల బిడ్డకు వినికిడి లేకపోవుటచేత మాట రాదు. అంగిలి చీలిన బిడ్డకు నోటి నిర్మాణమునందే లోపము. కొందరికి నోటి కండరములు బలహీనములు. నత్తిగల బిడ్డ మాటయొక్క త్రోవ నెరిగియు మధ్య నాగిపోవును. కావున మొట్టమొదట వినికిడి పరీక్ష చేయింపవలయును. పిమ్మటనే తక్కిన విచారణ.

వాక్చలన వైకల్యమునకు మూడు గుర్తులను 2007 నాటి నిర్ణయమున పేర్కొనిరి. మొదటిది, ఒకే మాటను పలుమారులు చెప్పించినచో తప్పు ఒక్కతీరుగా నుండకపోవుట. హల్లులే గాక యచ్చులును తప్పుచుండును. రెండవది, ఒక ధ్వనినుండి మరియొక ధ్వనికి, ఒక యక్షరమునుండి మరియొక యక్షరమునకు పోవుట సాగదీతగను, తెగిపోవుచును ఉండుట. మూడవది, మాటయొక్క నడక చెడుట. 'మామిడి' యనుటకు మారుగా 'మా - మి - డి' యని మూడు రాళ్ళు విసరినట్లు వినబడును. మాట పొడవైన కొలది కష్టమధికమగును. శైశవమున బిడ్డ యూరక 'బాబాబా' 'దాదాదా' యని పలుకకుండ మౌనముగా పెరిగెనని పలువురు తల్లులు చెప్పుదురు. మూడేండ్లలోపు బిడ్డయందు దీనిని నిశ్చయించుట నిపుణులకును కష్టమే. కాని నిశ్చయము కాలేదని సహాయమును వాయిదావేయ నక్కరలేదు.

తప్పెవరిది?

ఇండ్లలో నిట్టి బిడ్డయున్నప్పుడు మొట్టమొదట నిందపడునది తల్లి. "బిడ్డతో మాటలాడవు గనుకనే మాట రాలేదు" అని యత్తగారందురు. "మీ వంశములో నెవరో మూగవారుండిరి" అని పుట్టింటిపై తోయుదురు. సోదరులారా! ఇది యెవరి పెంపకముయొక్క దోషమును కాదు.

లండను నగరమున 'కే.ఈ. కుటుంబము' అను పేర శాస్త్రజ్ఞులు వ్యవహరించు నొక కుటుంబము కలదు. ఆ కుటుంబమున మూడు తరములలో ఇంచుమించు సగముమందికి ఈ లోపముండెను. వారినిగూర్చిన వైద్యవిషయములు 1990లో వెలువడినవి. పదునొకండేండ్ల పరిశోధనమునకు తరువాత, 2001లో, ఏడవ క్రోమోసోముమీది 'ఫాక్స్‌పీ-2' అను జన్యువునందలి యొక్క మార్పే దీనికి కారణమని తేలెను. అంతమాత్రమున ప్రతి బిడ్డయందును ఆ జన్యువే చెడినదని కాదు. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు 34మంది బిడ్డలను పరీక్షింపగా, 11 మందియందు జన్యుకారణము కనబడెను. అవియు వేరువేరు జన్యువులు. పెక్కుమార్పులు తల్లిదండ్రులయందు లేక బిడ్డయందే క్రొత్తగా పుట్టినవి. కారణము తెలియనివారే యెక్కువమంది. ఇట్టిచో నింద కెక్కడ చోటున్నది?

ఈ సభలో నొక మాట దాపరికము లేక చెప్పవలయును. ఇంటిలో నిట్టి బిడ్డయున్నదని తెలిసిన అక్కకు, అన్నకు సంబంధములు రావని భయపడి, చుట్టములు వచ్చినప్పుడు బిడ్డను లోపలిగదిలో నుంచువారు మనలో కలరు. పెండ్లికి తీసికొనిరారు; బడికి పంపరు. మాట నేర్వవలసిన బిడ్డకు మాటలాడు మనుష్యులే కరవగుదురు. లోపము పుట్టుకతో వచ్చినది. ఒంటరితనము మాత్రము మనమిచ్చినది.

చికిత్స యెట్లు జరుగును?

మన పెద్దలు వసకొమ్ము నరగదీసి తేనెతో నాకింతురు. మ్రొక్కులు మ్రొక్కుదురు. నాలుకక్రింది తంతువు కోయింపుమని కొందరు సలహా యిత్తురు. తంతువు నిజముగా నాలుకను కట్టివేసినదా లేదా యని చెప్పవలసినవాడు వైద్యుడు. ఈ లోపమునకు మాత్రము ఆ కోత మందు కాదు. ఔషధము వలనగాని, కత్తివలనగాని ఇది మానదు. బూరలూదించుట, దీపములార్పించుట, నాలుకతో వ్యాయామము చేయించుట మున్నగునవి మాట నేర్పవు. ఏలయన నాలుకకు బలము తక్కువకాలేదు, త్రోవ తెలియలేదు. నడక నేర్వవలసినవాడు నడువవలయును. పలుకు నేర్వవలసినవాడు పలుకవలయును.

సంగీతము నేర్చినవారికి ఈ చికిత్స సులభముగా బోధపడును. గురువు సరళీస్వరములను మొదట విలంబకాలమున పాడును. శిష్యుడు గురువుతో కలసి పాడును. తరువాత గురువు పాడిన పిమ్మట శిష్యుడు పాడును. తరువాత గురువు మౌనము వహింప శిష్యుడొక్కడే పాడును. కుదిరినకొలది రెండవకాలము, మూడవకాలము. ఈడిత్ స్ట్రాండ్ అను అమెరికా విదుషి రూపొందించిన చికిత్సయందు ('డీ.టీ.టీ.సీ.' అని దాని పేరు) ఇంచుమించు నిదే క్రమము కనబడును. బిడ్డ వైద్యురాలి ముఖమును చూచుచుండగా ఇద్దరును ఒక్కమారే మిక్కిలి మెల్లగా మాటను పలుకుదురు. అవసరమైనచో వైద్యురాలు వ్రేళ్ళతో బిడ్డ పెదవులను సరియైన స్థానమునకు తెచ్చును. కుదిరినకొలది సహాయమును తగ్గించుచు పోవును. తడబడినచో మరల సహాయము నిచ్చును. నేర్పునవి వందలమాటలు కావు, నాలుగో అయిదో. అవియే మరలమరల, పదులమారులు, వందలమారులు.

లండనులో పుట్టిన 'నఫీల్డ్' పద్ధతి ఒంటి ధ్వనులతో మొదలుపెట్టి, బొమ్మల సాయమున మాటలను, వాక్యములను కట్టుకొనుచు పోవును. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయమున పుట్టిన 'రెస్ట్' పద్ధతి అర్థములేని పొడవైన మాటలతో నక్షరమునుండి యక్షరమునకు జారుట నభ్యసింపజేయును. 2015లో ఈ రెండు పద్ధతులను నాలుగేండ్లనుండి పండ్రెండేండ్లవరకు గల 26 మంది బిడ్డలయందు సరిపోల్చిరి. దినమున కొక గంట, వారమునకు నాలుగు దినములు, మూడువారములు చికిత్స చేయగా రెంటివలనను మేలు కలిగెను. ఈ లోపమునుగూర్చి యట్టి కట్టుదిట్టమైన పరిశోధనము అదియొక్కటే తమకు దొరకినదని 2018లో కోక్రేన్ సమీక్షకులు వ్రాసిరి. కాబట్టి "మా పద్ధతియే సర్వోత్తమము, మూడు నెలలలో మాట వచ్చును" అని ప్రకటించువారిని నమ్మకుడు. ఎల్లవారంగీకరించునది అభ్యాసము తరచుగా నుండవలెననుట. వారమున కొకటి రెండుమారులు చాలవు, మూడునుండి యయిదుమారులు బిడ్డ కొక్కనికే ప్రత్యేకముగా చెప్పుట మేలని ఆషా 2007లోనే సూచించెను.

తెలుగు బిడ్డకు తెలుగు మాట

ఈ పద్ధతులన్నియు ఆంగ్లభాషకై పుట్టినవి. మన బిడ్డకు మన మాటలతో నమర్చుకొనవలయును. మన భాష యజంతము. మాట చివర నచ్చు వచ్చును. హల్లుతో నంతమగు ఆంగ్లపదములకంటె నిది నేర్చువానికి కొంత యనుకూలము. 'రా', 'పో', 'తే' అని యేకాక్షరములైన క్రియలు మనకున్నవి. ఒక్క యక్షరముతో బిడ్డ యొకరిచేత పని చేయించుకొనగలడు. అమ్మ, అబ్బ, అవ్వ మొదలగు మాటలలో పెదవుల కదలిక కంటికి కనబడును.

కష్టములును లేకపోలేదు. 'మెడ' యని యొకటి, 'మేడ' యని మరియొకటి. 'కల' యని యొకటి, 'కల్ల' యని వేరొకటి. అచ్చును సాగదీయుట, హల్లును నొక్కిపట్టుట యందే మన యర్థమున్నది. కాలపరిమితి కుదురని బిడ్డకు చిక్కు సరిగా నక్కడనే. మరియు మన మాటలు ప్రత్యయములతో పెరుగును. 'రా' యని చెప్పగలిగిన బిడ్డ 'రాలేకపోయినాడు' అనుచోట తడబడుట వింతకాదు. కావున నేర్పువారు మాటయొక్క పొడవును మెట్టుమెట్టుగా పెంపవలయును.

"ఇంటిలో తెలుగు మానుడు, బడి భాషయే మాటలాడుడు" అని సలహా యిచ్చువారు కలరు. రెండు భాషలు వినుటవలన ఈ లోపము కలుగదు. తెలుగు మాన్పించినచో బిడ్డకు అవ్వతో, తాతతో నుండు బంధమే తెగును. విదేశములలో నున్న మనవారుకూడ నీ మాట గమనింతురు గాక.

నా యింటి సంగతి

నా మనుమరాలికి మూడేండ్లు నిండునప్పటికి నాలుగైదు ధ్వనులకంటె లేవు. 'నీళ్ళు' అనుటకు ఒకప్పుడు 'నీ' అనును, ఒకప్పుడు 'ఈయు' అనును, ఒకప్పుడేమియు ననలేక చెంబును చూపి యేడ్చును. వస నాకించితిమి. "దీని తండ్రికిని మూడేండ్లకే మాట వచ్చినది" యని యొక సంవత్సరము గడిపితిమి. ఆ సలహా యిచ్చినవాడను నేనే. తుదకు కోడలు మా మాట వినక వినికిడి పరీక్ష చేయించి, వాగ్వైద్యురాలియొద్దకు తీసికొనిపోయెను. ఆమె బిడ్డచేత ఒక్క మాటనే అయిదుమారులు చెప్పించి, అయిదు తప్పులను వ్రాసికొని, "అమ్మా, దీనికి మాట తెలియును, త్రోవ కావలయును" అనెను. ఆ మాట వినినంతనే ముప్పదియేండ్లనాటి బాలుడు నా కన్నులయెదుట బల్లపై నిలిచెను.

పిమ్మట రెండేండ్లు మా యింట నిదియే వ్రతము. వారమునకు మూడుదినములు వైద్యురాలియొద్ద; తక్కినదినములలో నింటియొద్ద పూటకు పదినిమిషములు. అద్దము ముందు కోడలును బిడ్డయు కూర్చుండి పలుకుదురు. మాట వచ్చులోపల బొమ్మల చీటీలతో కోరినది తెలుపుట నేర్పిరి. బొమ్మలకు మరగి మాట మానునేమో యని నేను భయపడితిని. అట్లు కాలేదు, కోరిక తెలుపగలిగినపిదప ఏడుపు తగ్గెను, పలుకుటకు ధైర్యము హెచ్చెను.

ఆ బిడ్డ మొదట నిలకడగా నేర్చిన మాట 'తాతా' యని నేను చెప్పుకొన దలచితిని గాని, సత్యమది కాదు. నేను పాలగ్లాసు చేతికీయబోగా నా ముఖము చూచి స్పష్టముగా "వద్దు" అనెను. మరునాడును అట్లే యనెను. తన యిష్టమును తన నోటితో చెప్పుకొనిన ఆ దినమున మా యింట పండుగవలె నుండెను. నేడు దానికి తొమ్మిదియేండ్లు. తొందరలో పొడవైన మాట తడబడును. వ్రాతలో గుణింతములకు మరికొంత శ్రమ కావలసియున్నది. ఐనను తన పేరును ఎవరడిగినను తానే చెప్పును.

మన కర్తవ్యము

సభ్యులారా! నా మనవులు నాలుగు. మొదటిది, రెండేండ్లు నిండియు మాట రాని బిడ్డకు వినికిడి పరీక్ష చేయింపుడు. "వచ్చునులే" యని కాలము గడపకుడు. 2013లో నారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమువలన బిడ్డల యెదుగుదల లోపములను కనిపెట్టుటకు జిల్లాలయందు కేంద్రము లేర్పరచబడినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్ చాన్సలరుగా నుండిన అలీ యావర్ జంగ్ గారి పేర 1983లో బొంబాయిలో నెలకొల్పబడిన జాతీయసంస్థకు సికిందరాబాదులో ప్రాంతీయకేంద్రము కలదు. మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థయు నున్నది. చికిత్స చేయువారు భారత పునరావాస మండలియందు నమోదైనవారా యని విచారింపుడు.

రెండవది, మన విద్యానిధినుండి యిట్టి బిడ్డల తల్లులకు రైలుఖర్చు, బస్సుఖర్చు లిచ్చు నేర్పాటు చేయవలయును. వారమునకు మూడుమారులు పట్టణమునకు పోవలసిన కూలిజనమునకు చికిత్స రుసుముకంటె దారిఖర్చే భారము. మూడవది, వసతిగృహములలో చదువు మన బాలబాలికలలో కొందరైనను వాక్ శ్రవణ శాస్త్రమునందు పట్టము పొందవలయును. తెలుగు బిడ్డ మెడకును మేడకును భేదమును తెలుగు చెవియే ముందుగా కనిపెట్టును. నాలుగవది, ఖర్చులేనిది: ఈ బిడ్డలను దాచకుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తాను పేర్కొన్న 21 వైకల్యములలో వాగ్భాషా వైకల్యమునుకూడ చేర్చినది. చట్టము గుర్తించిన బిడ్డను చుట్టము గుర్తింపకుండుట న్యాయమా?

ఉపాధ్యాయ సోదరులకు ప్రత్యేకముగా నొక మాట. నిన్న చెప్పినది నేడు చెప్పలేని బిడ్డ మీ తరగతియందున్నచో బల్లపై నిలువబెట్టకుడు. పలకనిండు; వ్రాయనిండు; చూపనిండు. మాటకై తడవుకొనునప్పుడు మీరందించి ముగింపక, పదిక్షణములు వేచియుండుడు. నేను వేచియుండనైతిని. ఆ బాలుడిప్పు డెక్కడనున్నాడో నేనెరుగను. వాని పేరు మాత్రము మరువలేదు. వాడు పలకపై వ్రాసిన యక్షరములు గుండ్రముగా, ఒద్దికగా నుండెడివి.